పశ్చిమ ద్వారం దగ్గర రెండు నిమిషాలు

శ్రీశైల క్షేత్రానికి నాలుగు ద్వారాలు ఉన్నవని పెద్దల వాక్కు. తూర్పున త్రిపురాంతకం, దక్షిణాన సిద్ధవటం, ఉత్తరాన ఉమామహేశ్వరం, పడమట అలంపురం. కాలినడకన మల్లికార్జునుని దర్శనానికి పోయే కాలంలో ఈ మాటకు భౌగోళికమైన అర్థమే ఉండేది. యాత్రికుడు ఏ దిక్కునుండి వచ్చినా ముందు ద్వారం దగ్గర ఆగి, అచ్చటి దేవుని సేవించి, పిమ్మట అడవిలోకి నడిచేవాడు. ద్వారం దగ్గర చూచినదే తరువాతి ప్రయాణానికి మనస్సును సిద్ధం చేసేది.

అట్టి పశ్చిమ ద్వారం దగ్గరనే మాకు తెలిసిన ఒక విద్యార్థిని ఒక లఘుచిత్రానికి ప్రారంభం తీయబూనినది. ఆమె ఒక విశ్వవిద్యాలయంలో ప్రసారమాధ్యమాలను చదువుకొంటున్నది. ఉపాధ్యాయులు ఇచ్చిన పని చిన్నదే. చిత్రమంతా తీయనక్కరలేదు; పేర్లతో సహా మొదటి రెండు నిమిషాలు తీస్తే చాలును. అలంపురం ఆలయాలను గురించిన చిత్రానికి ప్రారంభం తీస్తానని ఆమె చెప్పినప్పుడు, వ్యాఖ్యానం వ్రాసి చదివే పని మేము పుచ్చుకొన్నాము. రేడియోలో ఇన్నేళ్ళు పని చేసిన వారికి రెండు నిమిషాల మాట ఎంత అని అనుకొన్నాము. ఆ అనుకోవడం ఎట్లు పరిణమించినదో ముందు చెప్పవలసి ఉన్నది.

అంతకుముందు ప్రారంభాల చరిత్ర కొంత తలచుకొనడం అవసరం. సినిమా పుట్టకముందే మన కళలు ఈ విషయాన్ని బాగా ఆలోచించినవి. సంస్కృత నాటకానికి నాంది, ప్రస్తావన ఉన్నవి. శాకుంతలంలో కాళిదాసు చేసిన చమత్కారం అందరూ ఎరిగినదే. సూత్రధారుడు నటి చేత గ్రీష్మాన్ని గురించి పాడించుకొని, ఆ పాటలో మునిగి, ఆడబోయే నాటకం పేరే మరచిపోతాడు. లేడి వెంట దుష్యంతుడు లాగబడినట్లే నీ పాట నన్ను లాగుకొని పోయినదని అంటాడు. ఆ మాట ముగిసీ ముగియకముందే విల్లు పట్టుకొన్న దుష్యంతుడు రథంపై రంగం మీదికి వస్తాడు. నేడు కూర్పు గదులలో కూర్చున్నవారు ఒక దృశ్యంలోని చివరి మాటను తరువాతి దృశ్యంలోని మొదటి బొమ్మతో అతకడానికి తంటాలు పడుతూ ఉంటారు. ఆ అతుకును కవి పదిహేను వందల ఏండ్లకు పూర్వమే అంత తేలికగా వేసినాడు.

కూచిపూడి వారి భామాకలాపం మరొక విధం. ఇద్దరు మనుష్యులు తెర పట్టుకొని నిలుచుంటారు. తెర వెనుక సత్యభామ ఉన్నది. ప్రేక్షకులకు మొదట కనబడేది ఆమె ముఖం కాదు, తెర మీదుగా ఇవతలికి వేసిన జడ. ఆ జడ అలంకారం మాత్రమే కాదు, సవాలు కూడా. నాట్యంలో తన్ను మించినవారు ఉంటే వచ్చి దానిని కోయవచ్చునని అర్థం. ఒక్క జడతో పాత్ర గర్వం, సౌందర్యం, కథలో రాబోయే కలహం అన్నీ సూచితమైనవి. ఇక తోలుబొమ్మలాటలో గణపతికీ సరస్వతికీ ప్రార్థన జరిగిన తరువాత జుట్టుపోలిగాడు, బంగారక్క వచ్చి అల్లరి చేసి, పిల్లలను నిద్ర లేపి, రాత్రంతా జరగబోయే రామకథకు జనాన్ని కూర్చోబెట్టుతారు. మా ఆకాశవాణికి కూడా ఒక నాంది ఉన్నది. ఉదయం ప్రసారాలకు ముందు తంబుర శ్రుతి మీద వినవచ్చే ఆ వాద్యగీతిక 1936 ప్రాంతంలో వాల్టర్ కాఫ్‌మన్ కూర్చినదని ప్రసిద్ధి. మాట ఒక్కటి లేకుండానే తెల్లవారినదని చెప్పగలిగిన ప్రారంభం అది.

సినిమా విషయానికి వస్తే, దాని చరిత్ర తలుపు తెరవడంతోనే మొదలైనది. 1895 డిసెంబరు 28న పారిస్‌లో లూమియేర్ సోదరులు డబ్బు తీసుకొని జనానికి చూపిన చిత్రాలలో ఒకటి, లియాన్ పట్టణంలో వారి కర్మాగారం నుండి పనివారు బయటికి వచ్చే దృశ్యం. గేటు తెరచుకొంటుంది, జనం వస్తారు, కొద్ది క్షణాలలో చిత్రం ముగుస్తుంది. మరుసటి ఏడు జూలై 7న బొంబాయిలోని వాట్సన్ హోటలులో వారి చిత్రాలు ప్రదర్శింపబడినవి. ఇందులో మాకు ఆసక్తి కలిగించే సంగతి వేరే ఉన్నది. ఆ గేటు దృశ్యం ఒకటి కాదు, మూడు ప్రతులున్నవి. ఒకదానిలో రెండు గుర్రాల బండి వస్తుంది, ఒకదానిలో ఒకే గుర్రం, ఇంకొకదానిలో గుర్రమే లేదు. అనగా పనివారిని మళ్ళీ పిలిచి, మళ్ళీ గేటు తెరిపించి తీసినారన్నమాట. ప్రపంచంలో మొదటి సినిమా అని పేరు పొందిన ఆ నిత్యజీవన దృశ్యం కూడా ఏర్పాటు చేసిన దృశ్యమే.

తెలుగువారి సినిమా గూర్చి ఇచ్చట విస్తరించము. 1932లో హెచ్.ఎం. రెడ్డి గారి భక్త ప్రహ్లాదతో మన తెర మాట్లాడ నేర్చినది. ఆ మొదటి దశలో నాటకశాల నాందికీ సినిమా ప్రారంభానికీ దూరం అట్టే లేదు. తరువాతి కాలంలో మదరాసు స్టూడియోలలో పల్లెలూ, ద్వారకలూ, చంద్రోదయాలూ నిర్మించడం మనవారికి విద్యగా అబ్బినది. మాయాబజార్ (1957) లోని వెన్నెల ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లే సృష్టించినదని తెలిసి కూడా మనకు ఆ వెన్నెల మీద మమకారం తగ్గలేదు. కథాచిత్రంలో అది నేరం కాదు. కావలసినదే అది.

ఇక విద్యార్థుల సంగతి. సినిమాను పాఠంగా చెప్పడం మన దేశంలో కొత్త కాదు. మదరాసులో 1945 నుండి ఈ విద్య ఉన్నది. 1960లో పూనాలో ప్రభాత్ స్టూడియో ఆవరణలో ప్రభుత్వం ఫిల్ము విద్యాలయం నెలకొల్పినది. ఇంగ్లండులో పాఠశాల పై తరగతుల పిల్లలకు కొన్ని ఏండ్ల పాటు అచ్చంగా ఇదే పరీక్ష ఉండేది. ఒక కల్పిత కథాచిత్రానికి పేర్లూ ప్రారంభమూ రెండు నిమిషాలకు మించకుండా తీయవలెను. దానికి ముందు ఒక అభ్యాసం. ఒక మనిషి తలుపు తెరచి లోనికి వచ్చి, గది దాటి, ఎదుటి మనిషి ముందు కుర్చీలో కూర్చుండి, రెండు మాటలు మాట్లాడవలెను. అంతే. వినడానికి నవ్వు వస్తుంది గాని, తలుపు బయట తీసిన షాట్‌నూ లోపల తీసిన షాట్‌నూ కలిపినప్పుడు చేయి ఒకే కదలికలో సాగినట్లు కనబడడానికి ఎంత శ్రమ పడవలెనో చేసినవారికే తెలియును. ఆ మాటలాడే ఇద్దరి మధ్య ఒక గీత ఉన్నట్లు భావించి, కెమెరా ఆ గీతకు ఒకే ప్రక్క ఉండవలెనని నియమం. గీత దాటితే, ఒకరినొకరు చూచుకొంటున్న ఇద్దరూ ఒకే దిక్కుకు చూస్తున్నట్లు తెర మీద కనబడుతారు.

ఈ గీత సంగతి మన విద్యార్థినికి పుస్తకం కంటె అలంపురమే బాగా నేర్పినది. అక్కడి బ్రహ్మ ఆలయాలలో గర్భగృహం చుట్టూ లోపలనే ప్రదక్షిణమార్గం ఉన్నది. అందులో ఒక ముసలమ్మ ప్రదక్షిణం చేయుచుండగా ఈమె రెండు షాట్లు తీసినది. ఒకటి బయటి గోడకు ఆనుకొని, రెండవది గర్భగృహపు గోడకు ఆనుకొని. రెండూ కలిపి చూచేసరికి ముసలమ్మ మొదట కుడినుండి ఎడమకు నడిచి, మరుక్షణం ఎడమనుండి కుడికి నడుస్తున్నది. దేవునికి కుడిచేయి పట్టి శ్రద్ధగా తిరిగిన మనిషి, తెర మీద వెనుదిరిగి అప్రదక్షిణం చేసినట్లయినది! గీత దాటరాదన్న సూత్రాన్ని ఇంత స్పష్టంగా ఏ ఆచార్యుడు చెప్పగలడు? ఆ రెండవ షాట్ తీసివేయబడినది.

అలంపురం ఆలయాలను చూడని శ్రోతల కోసం రెండు మాటలు. తుంగభద్ర ఎడమ గట్టున, బాదామి చాళుక్యుల కాలంలో, ముఖ్యంగా ఏడు ఎనిమిది శతాబ్దాలలో వెలసిన తొమ్మిది శివాలయాలివి. తారక, స్వర్గ, పద్మ, బాల, గరుడ, కుమార, అర్క, వీర, విశ్వ అను పేర్లకు బ్రహ్మ శబ్దం చేర్చి పిలుస్తారు. దక్షిణాపథంలో ఉండి కూడా వీటిలో చాలావాటి శిఖరాలు ఉత్తరాది పద్ధతిని వంపు తిరిగి పైకి లేస్తవి. వినయాదిత్యుని కాలంలో (681–696) లోకాదిత్య ఎళ అరస అనువాడు స్వర్గబ్రహ్మాలయాన్ని రాణి గౌరవార్థం కట్టించినట్లు శాసనం ఉన్నది. నాటి శిల్పులు ద్వారబంధం మీద గంగా యమునలను నిలిపేవారు. లోనికి పోయేవాడు రెండు నదులలో మునిగి శుద్ధుడై పోయినట్లు భావన. ద్వారం దగ్గరనే చెప్పవలసినదంతా చెప్పే విద్య వారికి తెలిసినదే.

మన విద్యార్థిని తీసిన ప్రారంభం ఇది. తెల్లవారుజామున తుంగభద్ర, పొగమంచు, ఒక పుట్టి. తరువాత మెల్లగా ఒక ఆలయం, తూర్పు వెలుగు రాతి మీద పడుతూ ఉంటుంది. చిత్రం పేరు. ఆలయం మీద మా గొంతు: పదమూడు వందల ఏండ్లుగా ఈ నదీతీరాన చలించక నిలిచిన శిల అని, మరి నాలుగు విశేషణాలు. నిజం చెప్పవలెనంటే వ్రాసినప్పుడు మాకు ఆ వాక్యం చాలా నచ్చినది. చదివినప్పుడు ఇంకా నచ్చినది. ఆ ఆలయం ఏదని ఆమెను మేము అడగనేలేదు. రెండు షాట్లు ప్రక్క ప్రక్కన ఉన్నవి కాబట్టి ఆలయం నది ఒడ్డున ఉన్నదని అనుకొన్నాము. ప్రేక్షకుడు చేసే పనే మేమూ చేసినాము.

చిత్రాన్ని తీసుకొని మళ్ళీ అలంపురం వెళ్ళినప్పుడు, ఒక ఇంటి అరుగు మీద కూర్చున్న వృద్ధునికి ఆమె తన చేతి ఫోనులో దానిని చూపినది. ఆయన రెండుసార్లు పెట్టించుకొని చూచినాడు. చూచి ఇట్లన్నాడు: “బిడ్డా, ఈ గుడి ఈడిది గాదు. మా కూడవెల్లిది. రాళ్ళ మీద నంబర్లు ఏసి, ఇప్పి, ఈడికి తెచ్చి మళ్ళ నిలబెట్టిండ్రు. మేం గూడ అట్లనే లేచొచ్చినం. మాకైతే ఎవ్వరు నంబర్లు ఏయలే.”

“గట్లనా తాతా, నాకు తెల్వదు,” అని మాత్రం ఆమె అనగలిగినది. ఆ సాయంకాలం మాకు ఫోను చేసి చెప్పినప్పుడు మేము కూడ అంతకంటె గొప్పగా ఏమియు అనలేకపోయినాము.

ఆమె తీసినది సంగమేశ్వరాలయం. కృష్ణా తుంగభద్రలు కలిసే చోట, కూడవెల్లి గ్రామంలో ఉండేది. ఆ ఊరి పేరులోనే కూడడం వినబడుతూ ఉన్నది. 1963 జూలై 24న నెహ్రూ గారు శ్రీశైలం ఆనకట్టకు శంకుస్థాపన చేసినారు. జలాశయం నిండవలెనంటే రెండు నదుల వెంబడి కర్నూలు, మహబూబునగరం జిల్లాలలో నూరుకు పైగా పల్లెలు ఖాళీ కావలెను. 1981లో ఆ పల్లెలు ఖాళీ అయినవి. కూడవెల్లి వాటిలో ఒకటి. సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి తెచ్చి అలంపురంలో తిరిగి నిర్మించినారు. పాపనాశి ఆలయాల సమూహాన్ని కూడా నీటికి అందకుండా అదే రీతిని తరలించినారు. నాగార్జునకొండలో అంతకు పూర్వమే ఇట్టి పని జరిగి ఉన్నది కాబట్టి మనవారికి ఈ విద్య తెలియనిది కాదు. ఒక హెచ్చరిక: మన ప్రాంతంలో సంగమేశ్వరులు ఒకరు కారు. కర్నూలు దగ్గర జగన్నాథగట్టు మీద ఉన్న రూపాల సంగమేశ్వరాలయం కూడా ఆ జలాశయం కోసం తరలించినదే. నంద్యాల జిల్లాలో నీరు దిగినప్పుడు బయటపడే సప్తనదీ సంగమేశ్వరం ఇంకొకటి. ఈ మూడింటినీ ఒకటిగా కలిపివేసిన వ్రాతలు మేము చూచినాము. మా వాక్యం కూడా ఆ జాతిలోనిదే.

ఇచ్చట ఒక పాత సంగతి గుర్తుకు వచ్చుచున్నది. 1953 జనవరిలో ఆంధ్ర సారస్వత పరిషత్తు సభలు అలంపురంలో జరిగినవి. నాడు ఉపరాష్ట్రపతిగా ఉన్న సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు వచ్చినారు. అలంపురం నాడు హైదరాబాదు రాష్ట్రంలో రాయచూరు జిల్లాలోనిది. ఆ సభల నాటికి సంగమేశ్వరుడు ఇంకా సంగమం దగ్గరనే ఉన్నాడు. మేము వ్రాసిన ‘ఈ నదీతీరాన’ అను మాటను నాడు కూడవెల్లిలో నిలిచి ఎవరైన అని ఉంటే తప్పు కాకపోవును. అదే మాట నేడు అలంపురంలో నిలిచి అంటే, ఒక ఊరే లేనట్లయినది.

సినిమా వారికి ఈ మాయ బాగా తెలియును. 1920 ప్రాంతంలో రష్యాలో లెవ్ కులెషోవ్ అను అధ్యాపకుడు తన విద్యార్థులతో ఒక ప్రయోగం చేసినాడు. మాస్కో వీథులలో ఇద్దరు కలుసుకొంటారు. తరువాత ఒక అమెరికా చిత్రంలో నుండి కత్తిరించిన వాషింగ్టన్ శ్వేతసౌధం. తరువాత వారిద్దరూ మెట్లు ఎక్కుతూ ఉంటారు. ఆ మెట్లు మాస్కోలోనివి. చూచినవారు మాత్రం శ్వేతసౌధం మెట్లే అనుకొన్నారు. భూమి మీద ఎచ్చటా లేని ఒక చోటు, మూడు ముక్కలు అతికినందువలన పుట్టినది. మార్కస్ బార్ట్‌లే వెన్నెల ఈ కోవలోనిదే. అయితే కథాచిత్రానికి భూషణమైనది చరిత్రకు దొంగసాక్ష్యం కావచ్చును. మన విద్యార్థిని అబద్ధం ఆడలేదు. నది నిజం, ఆలయం నిజం, వెలుగు నిజం. ఆ రెండు షాట్ల నడుమ గల సన్నని అతుకులో మాత్రం ఒక గ్రామం పడి పోయినది. ఆ అతుకుకు పైపూతగా మా వాక్యం ఒకటి.

ఆమె మొదట ఆ ప్రారంభాన్ని పూర్తిగా పారవేయవలెనని తలచినది. నవబ్రహ్మలలో ఏదో ఒక ఆలయాన్ని తీసి పెట్టితే, మా వాక్యం అక్షరాలా సరిపోయేది. మార్కులకూ లోటు ఉండేది కాదు. గడువు నాలుగు దినాలే ఉన్నది కాబట్టి మేము కూడ అదే సులువని సలహా ఇచ్చినాము. ఆమె వినలేదు. మరునాడే పోయి ఆ వృద్ధుని మాట రికార్డు చేసుకొని వచ్చినది. ఫోనులో కాదు, మా దగ్గర నుండి ఒక మంచి మైకు అడిగి తీసుకొని పోయి. ఈ విషయంలో మాత్రం మేము కొంత గర్వపడవచ్చునేమో. మైకు నోటికి ఎంత దూరాన పట్టవలెనో, గాలి తగలకుండా ఏ ప్రక్కకు తిప్పవలెనో, ఎదుటివారు ఆగినప్పుడు తొందరపడి తరువాతి ప్రశ్న ఎందుకు వేయకూడదో మేమే చెప్పి పంపినాము. ఆ టేపులో ఆయన రెండు మాటల నడుమ ఆగిన చోట దూరాన ఒక మేక అరచినది. దానిని తీసివేయవద్దని చెప్పినాము.

కొత్త ప్రారంభం మేము చూచినాము. మొదటి షాట్ అదే నది, అదే పొగమంచు, అదే పుట్టి. రెండవ షాట్ అదే ఆలయం, అదే వెలుగు. వరుస కూడా మారలేదు. మారినది ఒక్కటే. నది మీదనే వృద్ధుని గొంతు మొదలవుతుంది. ‘ఈ గుడి ఈడిది గాదు’ అని ఆయన అంటున్నప్పుడు తెర మీద గుడి ఇంకా లేదు, నీరు మాత్రమే ఉన్నది. ఆ తరువాత ఆలయం వస్తుంది. అప్పుడు చూచేవాని కన్ను శిల్పాన్ని కాక రాళ్ళ అతుకులను వెదుకుతుంది. రాళ్ళకు నంబర్లు వేసిన సంగతి ఆలయం మీద వినబడుతుంది, తమకు వేయలేదన్న మాట వచ్చేసరికి ఆలయం తొలగి, మళ్ళీ నీరు. చిత్రం పేరు అప్పుడు పడుతుంది. పేరు క్రింద చిన్న అక్షరాలలో ‘కూడవెల్లి, 1981’. మా గొంతు అందులో ఎచ్చటా లేదు. పేర్లలో మాత్రం మమ్మల్ని ‘శబ్దగ్రహణ సలహా’ అని వేసినది. వ్యాఖ్యానం పోయి సలహా మిగిలినందుకు మేము చిన్నబుచ్చుకోలేదని చెప్పుటకు మాకు ఇంకా కొంత సమయం పట్టవచ్చును.

ఉపాధ్యాయులు రెండు నిమిషాలకు పదకొండు క్షణాలు ఎక్కువయినదని గుర్తించి మార్కులు కొంత తగ్గించినారు. మేకను కత్తిరించి ఉంటే సరిపోయేదని ఆమె తరువాత నవ్వుతూ అన్నది.

చిత్రం పూర్తియైన పిమ్మట ఆమె దానిని వృద్ధునికి చూపడానికి వెళ్ళినది. ఆయన ఈసారి ఒక్కసారే చూచినాడు. నది షాట్ దగ్గర మాత్రం ఆపించి, ఈ నీళ్ళు అలంపురం రేవు దగ్గరివి, తమ ఊరి మీదివి కావు అన్నాడు. పిమ్మట, “ఎండకాలంల రా బిడ్డా, నీళ్ళు దిగినంక. మా ఊరు ఏడుండెనో సూపిస్త,” అన్నాడు. ఆమె మైకు తిరిగి ఇవ్వడానికి మా కార్యాలయానికి వచ్చినది. వేసవికి మళ్ళీ కావలెనని చెప్పి, దానిని తనతోనే తీసుకొని పోయినది.